ఒళ్ళు వేడెక్కగానే వచ్చే దద్దుర్లు: ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలతో ఒక స్కిన్ డాక్టర్ మాట్లాడింది

అందరికీ నమస్కారమండి. వెనకాల వినపడుతోందా? ఆ, సరే. ఫ్యాన్ కింద సీటు దొరికినవాళ్ళు అదృష్టవంతులు, ఏప్రిల్ నెలలో విజయవాడలో మధ్యాహ్నం రెండింటికి వేడి గురించి మాట్లాడమని పిలిచారంటే మీ ప్రిన్సిపాల్ గారు సరదా మనిషే అయ్యుండాలి. (నవ్వులు)

అసలు నన్ను పిలిచింది మీ పీడీ సార్, అదే, మీతో ఆటలు ఆడించే ఫిజికల్ డైరెక్టర్ గారు. ఫోన్ చేసి ఏమన్నారంటే, మేడమ్, మా దగ్గర కొంతమంది పిల్లలు గ్రౌండ్‌లోకి రమ్మంటే రారు, రెండు రౌండ్లు కొట్టగానే ఒళ్ళంతా సూదులతో గుచ్చుతున్నట్టుంది అంటారు, చూస్తే మెడ మీద ఛాతీ మీద ఎర్రగా చుక్కలు చుక్కలుగా ఉంటాయి, అరగంట పోయాక చూస్తే ఏమీ ఉండదు, ఇది నిజంగా జబ్బా లేకపోతే ఎగ్గొట్టడానికి సాకా అని. నిజంగా జబ్బేనండి. దీన్ని కోలినెర్జిక్ అర్టికేరియా అంటారు, పేరు నోరు తిరగకపోయినా పర్లేదు, ఫోన్‌లో రాసిపెట్టుకోండి, డాక్టర్ దగ్గరకెళ్ళినప్పుడు పనికొస్తుంది. ఇది కొత్తగా పుట్టుకొచ్చిందేం కాదు, 1924లోనే డ్యూక్ అనే అమెరికన్ డాక్టర్ దీని గురించి రాశాడు, అంటే వందేళ్ళు దాటింది, అయినా ఇప్పటికీ పిల్లాడొచ్చి చెప్తే ఇంట్లో వాళ్ళు నమ్మరు, కొన్నిసార్లు మా డాక్టర్లమే నమ్మం, అదీ దీంతో వచ్చిన తలనొప్పి.

ఎలా ఉంటుందంటే, పరిగెత్తారు, లేదా మెట్లెక్కారు, లేదా వేడినీళ్ళు పోసుకున్నారు, లేదా మిరపకాయ బజ్జీలు పొగలు కక్కుతుండగా లాగించారు, లేదా వైవాలో బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ ఎదురుగా కూర్చున్నారు. ఏదైనా సరే ఒంటి లోపలి టెంపరేచర్ ఒక అర డిగ్రీ, ఒక డిగ్రీ పెరిగి చెమట పట్టబోతుందనగా మొదలవుతుంది. ముందు చిటపటమని గుచ్చుతున్నట్టు, మంట, దురద, ఆ తర్వాత నిమిషాల్లో ఆవగింజంత చిన్న దద్దుర్లు, ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్లు అనుకోండి, చుట్టూ ఎర్రగా. మెడ, ఛాతీ, వీపు, చేతుల మీద ఎక్కువ, అరచేతుల్లో అరికాళ్ళలో సాధారణంగా రావు. పావుగంట నుంచి గంట లోపు చాలామందికి మాయం, మచ్చ కూడా ఉండదు. మామూలు దద్దుర్లు అరచెయ్యంత పెద్దవి కూడా వస్తాయి, గంటల తరబడి ఉంటాయి, వేడితో సంబంధం లేకుండా ఎప్పుడు పడితే అప్పుడొస్తాయి. చెమటకాయలు వేరు, అవి వస్తే రోజుల తరబడి అక్కడే ఉంటాయి, పౌడర్ కొట్టుకుంటూ తిరుగుతాం కదా అవి. ఈ రెండింటితో కలిపేసి పౌడర్ డబ్బాలు ఖాళీ చేసినవాళ్ళు నా దగ్గరకి బోలెడుమంది వస్తారు.

ఎంతమందికి ఉంటుందంటారా, జర్మనీలో 1994లో స్టూడెంట్స్‌ని అడిగి చూస్తే నూటికి 11 మందికి ఉందని తేలింది, అందులో చాలామందికి తేలిగ్గానే ఉంది, డాక్టర్ దాకా వెళ్ళేంత కాదు. మన దేశంలో 2013లో వచ్చిన ఒక స్టడీలో 600 మందిని చూస్తే నూటికి నలుగురు. ఈ హాల్లో మీరు ఎంతమంది ఉన్నారో మీరే లెక్కేసుకోండి, చేతులు ఎత్తమని మాత్రం అడగను. ఎందుకు మీ వయసులోనే అంటే, ఎక్కువగా పదిహేను నుంచి ముప్ఫై మధ్యలో మొదలయ్యే జబ్బు ఇది. దురదృష్టం ఏంటంటే మనిషి ఆటలు ఆడేది, ఇంటర్వ్యూలకెళ్ళేది, ప్రేమలో పడేది, పెళ్ళిచూపులకి కూర్చునేది అన్నీ ఆ వయసులోనే.

లోపల ఏం జరుగుతుందో కొంచెం చెప్తా, బోర్ కొడితే ఆ ఒక్క నిమిషం వాట్సాప్ చూసుకోండి. (నవ్వులు) ఒళ్ళు వేడెక్కగానే మెదడు చెమట పట్టించమని నరాలకి చెప్తుంది, నరం చివర అసిటైల్‌కోలిన్ అనే రసాయనం వదుల్తుంది, అది చెమట గ్రంథిని పని చేయిస్తుంది, ఇది అందరికీ జరిగేదే. ఈ జబ్బు ఉన్నవాళ్ళలో ఆ పక్కనే ఉన్న మాస్ట్ సెల్స్ అనే కణాలు కూడా రెచ్చిపోయి హిస్టమిన్ వదిలేస్తాయి, ఆ హిస్టమిన్ వల్లే దురద, దద్దురు. మరి అవెందుకు రెచ్చిపోతాయి అంటే ఒక్క కారణం కాదు. కొంతమందికి సొంత చెమటే పడదు, నిజమండి, జోక్ కాదు. మన అందరి చర్మం మీదా మలసేజియా అనే ఒక రకం ఫంగస్ హాయిగా బతుకుతూ ఉంటుంది, అది వదిలే ఒక ప్రోటీన్ చెమటలో కలుస్తుంది, కొందరి ఒళ్ళు దానికి ఎలర్జీ తెచ్చుకుంటుంది, జపాన్‌లో హిరోషిమా యూనివర్సిటీ వాళ్ళు కనిపెట్టారు దీన్ని. ఇంకొంతమందికి అసలు చెమటే సరిగ్గా పట్టదు, గ్రంథి దగ్గర ఆ రసాయనాన్ని అందుకునే రిసెప్టర్లు తక్కువుంటాయి, అక్కడ వాడుకోని అసిటైల్‌కోలిన్ పొంగి పక్కనున్న మాస్ట్ సెల్స్ మీద పడుతుందని ఒక వాదన. ఈ రెండో రకం వాళ్ళు మన ఎండల్లో మరీ జాగ్రత్తగా ఉండాలి, దద్దుర్ల కన్నా వడదెబ్బ ప్రమాదం ఎక్కువ వాళ్ళకి, రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెలలో చెమట పట్టని మనిషి ఎండలో తిరిగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు కదా.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. దద్దుర్లు అరగంటలో పోతాయి అన్నాను కదా, ఈ జబ్బుతో వచ్చే కష్టం సగం అక్కడే ఉంది. పిల్లాడికి పొద్దున బస్టాప్ దాకా నడిస్తే వస్తుంది, సాయంత్రం అమ్మానాన్న డాక్టర్ దగ్గరకి తీసుకొస్తారు, ఏసీ రూమ్‌లో ముప్పావుగంట కూర్చుంటారు, లోపలికొచ్చి చొక్కా విప్పితే చర్మం నున్నగా నిగనిగలాడుతూ ఉంటుంది. డాక్టర్ ఏం రాస్తాడు? ఏదో ఒక క్రీమ్ రాస్తాడు. లేదంటే వేల రూపాయల ఎలర్జీ ప్యానెల్ బ్లడ్ టెస్ట్ రాస్తాడు, దానికీ దీనికీ సంబంధం ఉండదు, ఆ రిపోర్ట్‌లో వంకాయ, రొయ్యలు, దుమ్ము అని ఏవో నాలుగు పాజిటివ్ వస్తాయి, ఇక అక్కణ్ణుంచి ఇంట్లో పథ్యం మొదలు. వంకాయ బంద్, గోంగూర బంద్, గుడ్డు బంద్, చేపలు బంద్. వేడి చేసిందని బార్లీ నీళ్ళు, సబ్జా గింజలు, మజ్జిగ. మజ్జిగ తాగండి, నేనేం కాదనను, మంచిదే. కానీ పాపం వంకాయ ఏం చేసిందండి? కారం, వేడి వేడి పులుసు తింటే ఒళ్ళు వేడెక్కి చెమట పట్టి దద్దుర్లు వస్తాయి, అది నిజం, కూరగాయ తప్పు కాదు. అదే వంకాయ కూర చల్లారాక పెరుగన్నంలో నంజుకుంటే ఏమీ రాకపోవచ్చు.

అన్నీ మానేసినా తగ్గకపోయేసరికి ఇంట్లో వాళ్ళకి విసుగొస్తుంది, నీదంతా టెన్షన్‌రా, నీ మనసులోనే ఉంది అంటారు. టెన్షన్‌తో కూడా వస్తుంది కాబట్టి ఆ మాట సగం నిజంలా అనిపిస్తుంది, ఆ సగం నిజం పిల్లల్ని బాగా దెబ్బ తీస్తుంది. ఎవరూ నమ్మరని తెలిసిన పిల్లలు చెప్పడం మానేస్తారు, దాచుకోవడం మొదలుపెడతారు. నేను ఎక్కువ చూసేది ఇదే. ఫుల్ హ్యాండ్స్ చొక్కా, మెడ దాకా బొత్తాలు, అమ్మాయిలైతే చున్నీ చుట్టేసుకుని వస్తారు, దద్దుర్లు కనపడకూడదని, దాంతో ఒళ్ళు ఇంకా వేడెక్కి ఇంకా ఎక్కువ వస్తాయి.

కానిస్టేబుల్‌కి ప్రిపేర్ అయ్యే ఒక అబ్బాయి వచ్చాడు, రాతపరీక్ష పాస్, 1600 మీటర్ల పరుగు ఉంటుంది కదా, నాలుగు వందల మీటర్లు దాటగానే ఒళ్ళంతా మంట, ఆగి గోక్కుంటాడు, టైమ్ అయిపోతుంది. వాళ్ళ నాన్న ఆటో డ్రైవర్, ఆయన బాధ ఏంటంటే మావాడికి ఒంట్లో బలం లేదేమో మేడమ్ అని, టానిక్ రాయమన్నాడు. ఇంకో అమ్మాయి, బీటెక్ ఫైనలియర్, క్లాస్‌లో సెమినార్ ఇవ్వాలంటే ఏడుపు, స్టేజ్ ఎక్కగానే మెడ ఎర్రబడుతుంది, ముందు బెంచీ వాళ్ళు ఏమైందే అని అడుగుతారు, అడగ్గానే ఇంకా ఎక్కువవుతుంది. ఆ అమ్మాయి క్యాంపస్ ఇంటర్వ్యూలకి వెళ్ళకుండా వర్క్ ఫ్రమ్ హోమ్ జాబ్స్ మాత్రమే వెతుక్కుంటోంది, జబ్బు తీసుకున్న నిర్ణయం అది, తను తీసుకుంది కాదు. ఫుడ్ డెలివరీ చేసే కుర్రాళ్ళు వస్తారు, హెల్మెట్ కింద తల నుంచి మొదలవుతుంది వాళ్ళకి, లిఫ్ట్ లేని అపార్ట్‌మెంట్‌లో నాలుగో ఫ్లోర్ ఆర్డర్ వస్తే క్యాన్సిల్ కొట్టలేరు, కస్టమర్ తలుపు తీసి వీడికేదో అంటువ్యాధి ఉందనుకుని ప్యాకెట్ కింద పెట్టి వెళ్ళమంటాడట. పెళ్ళిచూపుల సంగతి సరేసరి, ఎండాకాలం, పట్టుచీర, గదినిండా జనం, కాఫీ ట్రే పట్టుకుని రావాలి, ఇన్ని కలిస్తే రాకుండా ఎలా ఉంటుంది. వాళ్ళమ్మగారు ముందురోజు వచ్చి ఇంజక్షన్ ఏదైనా వేసెయ్యండి డాక్టరమ్మా, రేపు ఒక్కరోజు రాకుండా ఉంటే చాలు అంటారు.

చర్మం జబ్బులు మనిషి బతుకుని ఎంత ఇబ్బంది పెడుతున్నాయో కొలవడానికి డీఎల్‌క్యూఐ అని పది ప్రశ్నల కాగితం ఒకటి ఉంది, 1994లో బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో డాక్టర్లు తయారుచేశారు, గడిచిన వారంలో దురద ఎంత, సిగ్గుపడ్డారా, బట్టలు ఏం వేసుకోవాలో దీన్నిబట్టే ఎంచుకున్నారా, ఆటలకి అడ్డమైందా, చదువుకి అడ్డమైందా, దగ్గరివాళ్ళతో ఇబ్బంది వచ్చిందా అని. నేను ఈ పిల్లలకి ఆ కాగితం ఇస్తే తల్లిదండ్రులు పక్కనుంచి తొంగిచూసి ఆశ్చర్యపోతారు, ఇన్నాళ్ళూ ఇది దురదనే అనుకున్నాం అని.

సరే, ఏం చెయ్యాలి. మొట్టమొదట, వచ్చినప్పుడు ఫోటో తియ్యండి. దగ్గరగా ఒకటి, కొంచెం దూరంగా ఒకటి, ఏ టైమ్‌కి వచ్చింది, అంతకు ముందు ఏం చేస్తున్నారు, ఎప్పుడు తగ్గింది రాసిపెట్టండి. ఫోటో ఉంటే డాక్టర్ నోరు మూతపడుతుంది. (నవ్వులు) కావాలంటే మేం టెస్ట్ కూడా చేస్తాం, కొన్ని రోజుల ముందు ఎలర్జీ మాత్రలు ఆపమని, సైకిల్ తొక్కిస్తాం, చెమట పట్టేదాకా, పట్టాక ఇంకో పావుగంట. వస్తే మరో రోజు 42 డిగ్రీల వేడినీళ్ళ టబ్‌లో పావుగంట కూర్చోబెట్టి చూస్తాం. రెండోది ఎందుకంటే, వ్యాయామం చేస్తేనే వచ్చే ఇంకో ప్రమాదకరమైన ఎలర్జీ ఉంది, అది వేడినీళ్ళకి రాదు, ఇది రెండింటికీ వస్తుంది. ఇవి ఇంట్లో బాత్‌రూమ్‌లో ట్రై చెయ్యకండి దయచేసి, పక్కన డాక్టర్ ఉండాలి.

మందుల సంగతి. మన ఇళ్ళల్లో దద్దురు అనగానే ఏవిల్. పాత మందు, దురద తగ్గుతుంది, కానీ నిద్ర ముంచుకొస్తుంది, అది వేసుకుని బండి నడిపేవాళ్ళని చూస్తే నాకు భయం, పరీక్ష రోజు వేసుకుని పేపర్ మీద పడుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. ఇప్పుడు మత్తు తక్కువుండేవి ఉన్నాయి, సెటిరిజిన్, లీవోసెటిరిజిన్, ఫెక్సోఫెనడిన్, బిలాస్టిన్, వీటిలో సెటిరిజిన్‌తో కొంతమందికి కొంచెం మత్తుంటుంది. వీటిని దద్దుర్లు వచ్చాక కాదు, రోజూ వేసుకోవాలి, వచ్చాక మాత్ర కరిగి ఒంట్లోకి వెళ్ళేలోపు దద్దుర్లు వాటంతటవే పోతాయి, మీరేమో ఆహా మాత్ర పనిచేసింది అనుకుంటారు. మామూలు డోసు రెండు మూడు వారాలు చూసి తగ్గకపోతే డాక్టర్ దాన్ని పెంచుకుంటూ నాలుగు రెట్ల దాకా ఇస్తారు, అది మీరు సొంతంగా పెంచుకునేది కాదు. ఇంకో మాట, ఫెక్సోఫెనడిన్ పళ్ళరసంతో వేసుకుంటే సరిగ్గా ఒంటికి పట్టదు, నీళ్ళతో వేసుకోండి, బిలాస్టిన్ అయితే ఖాళీ కడుపుతో. ఇవేవీ పనిచెయ్యనివాళ్ళకి ఒమాలిజుమాబ్ అనే ఇంజక్షన్ ఉంది, కొందరికి బాగా పనిచేస్తుంది, ఖరీదు మాత్రం మోయలేనంత.

మెడికల్ షాపులో దద్దుర్లకి ఇవ్వండి అంటే చిన్న తెల్ల మాత్ర, చిన్న పింక్ మాత్ర కలిపి పొట్లం కట్టి ఇస్తారు చూడండి, అందులో చాలాసార్లు స్టెరాయిడ్ ఉంటుంది. రెండ్రోజుల్లో ఒళ్ళు తేలికపడ్డట్టు ఉంటుంది, అందుకే మళ్ళీ మళ్ళీ కొనుక్కుంటారు, నెలల తరబడి వాడితే మొహం ఉబ్బడం, షుగర్, బీపీ, ఎముకలు గుల్లబారడం. ఈ జబ్బుకి రోజూ స్టెరాయిడ్ మింగే పనే లేదు. నొప్పి మాత్రలు కూడా, ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి కొంతమందిలో దద్దుర్లని పెంచుతాయి, గమనించుకోండి.

మందులు మొదలుపెట్టి కుదురుకున్నాక నేను చెప్పేది పిల్లలకి నచ్చదు, చెమట పట్టించమంటాను. దీనికి భయపడి నెలల తరబడి ఏసీలో కూర్చుంటే ఒంటికి చెమట పట్టే అలవాటు తగ్గిపోతుంది, అప్పుడు కొంచెం వేడికే దద్దుర్లు. డాక్టర్‌తో మాట్లాడుకుని రోజూ కొద్దికొద్దిగా నడక, తర్వాత జాగింగ్, మెల్లగా పెంచుకుంటూ పోతే చాలామందికి తీవ్రత తగ్గుతుంది. ఇంకో తమాషా ఉంది, ఒకసారి బాగా వచ్చి తగ్గాక కొన్ని గంటలు, కొందరికి ఒక రోజు దాకా మళ్ళీ రావు, మాస్ట్ సెల్స్ దగ్గర సరుకు అయిపోతుందన్నమాట. మా కానిస్టేబుల్ కుర్రాడు మాత్ర వేసుకుంటూ, పరుగు రోజు పొద్దున్నే గ్రౌండ్ బయట వార్మప్ చేసి ఒకసారి తెప్పించేసుకుని వెళ్ళేవాడు. అది అతనికి కుదిరింది. ఎప్పుడైనా కళ్ళు తిరగడం, ఊపిరి ఆడకపోవడం జరిగినవాళ్ళు మాత్రం ఈ ప్రయోగం అస్సలు చెయ్యకూడదు.

ఆ విషయం గట్టిగా చెప్పాలి. దద్దుర్లతో పాటు పెదాలు, కళ్ళు వాచినా, గొంతు బిగుసుకున్నా, పిల్లికూతలు వచ్చినా, వాంతులు, కళ్ళు తిరిగి పడిపోయేలా ఉన్నా, అది మామూలు దద్దురు కాదు, వెంటనే ఆపేసి పడుకోబెట్టి 108కి ఫోన్ చెయ్యాలి, ఊపిరి అందకపోతే కూర్చోబెట్టండి, అప్పుడు కావాల్సింది ఎడ్రినలిన్ ఇంజక్షన్, సెటిరిజిన్ కాదు. పీడీ సార్, మీరు ఇది రాసుకోండి. అలాంటి పిల్లలు ఒంటరిగా పరిగెత్తకూడదు, పక్కన ఒకరుండాలి.

ప్రశ్నలు అడగండి. ఆ బాబూ, చెప్పు.

(ఒక విద్యార్థి: మేడమ్, నాకు ఎండాకాలంలో తక్కువ, డిసెంబర్‌లోనే ఎక్కువ. మా ఫ్రెండ్స్ నవ్వుతున్నారు.)

నవ్వకండర్రా, అతను చెప్పింది కరెక్ట్. చలికాలంలో చెమట తక్కువ పడుతుంది, అప్పుడు ఒక్కసారిగా ఒళ్ళు వేడెక్కితే ఇంకా ఎక్కువ వస్తుంది కొందరికి. ఎండాకాలంలో రోజూ చెమటలు కారి కారి అలవాటైపోతుంది. అమెరికా వెళ్ళిన మన పిల్లలకి కూడా ఇదే, చికాగోలో మైనస్ డిగ్రీల్లో లావు జాకెట్ వేసుకుని నడిచొచ్చి హీటర్ పెట్టిన క్లాస్‌రూమ్‌లో అడుగుపెట్టగానే మొదలవుతుంది, వీడియో కాల్‌లో చూపించి అక్కడి నీళ్ళు పడలేదు మేడమ్ అంటారు. పొరలు పొరలుగా పల్చటి బట్టలు వేసుకుని లోపలికి రాగానే ఒక్కోటి తీసెయ్యమంటాను.

(ఒక విద్యార్థిని: అంటుకుంటుందా మేడమ్? హాస్టల్లో నా రూమ్‌మేట్ టవల్ వేరుగా పెట్టుకోమంటోంది.)

అంటుకోదు తల్లీ. టవల్ ఎవరిది వాళ్ళు వాడుకోవడం మంచి అలవాటే, కానీ దీని కోసం కాదు. ఎన్నాళ్ళుంటుందని కూడా అడగబోతున్నావు కదా, కొందరికి ఏడాది రెండేళ్ళలో పోతుంది, చాలామందికి కొన్నేళ్ళు ఉంటుంది, ముప్ఫైలు దాటేకొద్దీ తగ్గుముఖం పట్టడం ఎక్కువగా చూస్తాం. పదేళ్ళు పైన ఉన్నవాళ్ళూ ఉన్నారు, అబద్ధం చెప్పను.

(ఇంకో విద్యార్థి: నేను యూనివర్సిటీ కబడ్డీ టీమ్ మేడమ్. ఈ మాత్రలు వేసుకుంటే డోపింగ్‌లో పట్టుకుంటారా?)

మంచి ప్రశ్న, ఇది ఎవరూ అడగరు. సెటిరిజిన్, ఫెక్సోఫెనడిన్, బిలాస్టిన్ ఇవి నిషేధంలో లేవు, ధైర్యంగా వేసుకో. కానీ ఇందాక చెప్పిన షాపు పొట్లాల్లో ఉండే స్టెరాయిడ్ మాత్రలు పోటీల సమయంలో నిషేధం, డానజోల్ అని ఈ జబ్బుకి అరుదుగా వాడే మందు ఒకటుంది, అది పోటీలున్నా లేకపోయినా నిషేధమే. జలుబుకి వేసుకునే మాత్రల్లో సూడోఎఫెడ్రిన్ కలిపినవి ఉంటాయి, ఎలర్జీ మాత్రతో కలిపి ఒకే బిళ్ళగా కూడా అమ్ముతారు, దానికి పోటీ రోజున ఒక లిమిట్ ఉంది, ఆ డబ్బా వెనక పేరు చదివి తీసుకో. ఏ మందు రాసినా నేను ప్లేయర్ని అని డాక్టర్‌కి ముందే చెప్పాలి.

ఇంకెవరైనా? లేరా? సరే, ఫోన్‌లో ఫోటోలున్నవాళ్ళు స్టేజ్ పక్క రూమ్‌లోకి ఒక్కొక్కరుగా రండి, అందరి ముందూ చూపించక్కర్లేదు. పీడీ సార్, ఆ రూమ్‌లో ఫ్యాన్ తిరుగుతుందా?